సంచీలో పెట్టని సీసా

అక్టోబరు సగం దాటిందంటే చాలు, అమెరికా కొండల్లోని బొగ్గుగనుల ఊరు టాలీస్ ఫోర్క్‌లో అరవై అయిదు దాటిన ప్రతివాళ్ల పోస్టు డబ్బా కడుపుబ్బిపోతుంది. మా మందుల ప్లాన్ తీసుకోండంటే మా ప్లాన్ తీసుకోండని రంగురంగుల కాగితాలు. వాటి మీద నవ్వుతున్న ముసలి జంటలు. ఆ పళ్లూ ఆ నవ్వులూ చూస్తే వాళ్లకి జన్మలో ఒక్క మాత్ర మింగే అవసరం వచ్చి ఉండదనిపిస్తుంది. ఆస్పత్రి ఖర్చు గవర్నమెంటు చూసుకుంటుంది గానీ, ఇంట్లో మింగే మందుల సంగతి మాత్రం ఈ కంపెనీల చేతిలో పెట్టింది. డిసెంబరు మొదటి వారం లోపల ఏదో ఒక ప్లాన్ ఎంచుకోవాలి. ఎంచుకున్నాక ఏడాది పొడుగునా దానితోనే కాపురం.

ఓలెటా ఆ కాగితాలను పొయ్యి రాజేయడానికి వాడేది. ఆమెకూ భర్త డెన్‌జిల్‌కూ ఏళ్ల తరబడి ఒకటే ప్లాన్. అది బాగుందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. మందులు వస్తున్నాయి, అంతే. కానీ ఆ ఏడాది ఆ కంపెనీ, మీ జిల్లాలో మాకు గిట్టుబాటు కావడం లేదు, జనవరి నుంచి ఉండం, వేరేది చూసుకోండని చల్లగా చెప్పేసింది. ఓలెటా గవర్నమెంటు నంబరుకు ఫోన్ చేసింది. అటువైపు నుంచి సంగీతం వినిపించింది. పొయ్యి మీది పింటో చిక్కుడు గింజలు ఉడికి దిగేదాకా విని, విసుగొచ్చి పెట్టేసింది.

ఇక మిగిలింది మేవిస్. ఓలెటాతో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి. తమ్ముడు పోయాక ఒంటరితనం భరించలేక జిల్లా ఆఫీసువాళ్ల దగ్గర ఈ ప్లాన్ల లెక్క నేర్చుకుని, ఏటా చర్చి కింద గదిలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటుంది. పైసా తీసుకోదు. ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ కిరాణా కొట్టు కాగితం సంచీలో వేసుకుని వెళ్తే, ఒక్కోటీ చూసి, కంప్యూటర్‌లో కొట్టి, ఏ ప్లాన్ అయితే నీకు లాభమో చెప్పేస్తుంది. ఊళ్లో సగం మంది ఆమె చెప్పిందే తీసుకుంటారు.

ఓలెటా బాధ ఆ సంచీ దగ్గరే మొదలైంది.

డెన్‌జిల్ బొగ్గుగనిలో పనిచేసిన రోజుల్లో తాగేవాడు. మామూలుగా కాదు, సోమవారం పొద్దున లేవలేనంతగా. అప్పుడల్లా ఓలెటా గని మేస్త్రీకి ఫోన్ చేసి, ఆయనకి ఫ్లూ జ్వరమండీ అని చెప్పేది. డెన్‌జిల్‌కు వచ్చినన్ని ఫ్లూ జ్వరాలు ఆ గనిలో ఇంకెవరికీ వచ్చి ఉండవు. తర్వాత ఒక వేసవిలో ఆయన ఏట్లో బాప్తిస్మం తీసుకున్నాడు. చర్చిలో నిలబడి, ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడు, ఒక్క మచ్చ లేకుండా బాగుచేశాడు అని సాక్ష్యం చెప్పాడు. ఆ రోజు నుంచి మళ్లీ ముట్టలేదు. ఇది నిజం, ఎవరి మీద ఒట్టేయమన్నా ఓలెటా వేస్తుంది. ఆయన్ని సంఘపెద్దను చేశారు. ప్రతి ఆదివారం కానుక పళ్లెం పట్టుకుని ఇస్త్రీ చొక్కాలో వరుసల మధ్య నడుస్తుంటే చూసి ఆమె గుండె నిండిపోయేది.

అయితే మనిషి క్షమించినంత తేలిగ్గా కాలేయం క్షమించదు. మూడేళ్ల కిందట డెన్‌జిల్ ఒక పొద్దున బూట్లు తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టాడు. ఓలెటాను చూసి, నువ్వెవరమ్మా అన్నాడు. కాలేయం రాయిలా గట్టిపడిందని, అది వడకట్టాల్సిన విషం మెదడుకెక్కుతోందని చార్ల్‌స్టన్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు. ఒక సిరప్, ఒక మాత్ర రాశాడు. సిరప్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. మాత్ర ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. ఈ రెండూ పడుతున్నంత కాలం డెన్‌జిల్ డెన్‌జిల్‌లాగే ఉంటాడు. మాత్ర ఆపితే మాత్రం బుర్ర పనిచేయదని డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారిలో డెన్‌జిల్ తన చిన్న పికప్ లారీని రోడ్డు పక్కన ఆపాడు.

"ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు ఓలీ."

"ఏమవుతుందిప్పుడు? జబ్బే కదా."

"ప్రభువు మొత్తం బాగుచేశాడని చెప్పాను, అందరి ముందూ. ఇప్పుడు సగమే బాగుచేశాడని ఎలా చెప్పను?"

ఓలెటా మాటిచ్చింది. ఆ మాత్ర ఊళ్లో మందుల షాపుకు కూడా రాకుండా, పోస్టులో మామూలు అట్టపెట్టెలో ఇంటికొచ్చేలా చేసుకుంది. సీసాను పిండి డబ్బా వెనక పెట్టేది. ఆమెకు ఇలాంటి పనులు బాగా అలవాటు.

మేవిస్ దగ్గరికి వెళ్లాల్సిన పొద్దున ఓలెటా సంచీలో అన్నీ వేసింది. తన బీపీ మాత్రలు, డెన్‌జిల్ గుండె మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు. సిరప్ కూడా వేసింది. సిరప్‌కేం, అది విరేచనానికి కూడా వాడేదే, మలబద్ధకం ఎవరికైనా ఉంటుంది. పిండి డబ్బా వెనక సీసాను తీసి వేసింది. మళ్లీ తీసేసింది. అయినా మందుల ప్లాన్ అంటే మందులన్నీ ఇస్తారనే కదా అర్థం, ఒకటి చెప్పకపోతే కొంపలేం మునుగుతాయి అనుకుంది. సంచీ మూతి మడిచి బయల్దేరింది.

చర్చి కింద గదిలో మడత కుర్చీల్లో అరడజను మంది సంచీలు ఒళ్లో పెట్టుకుని, కాఫీ తాగుతూ కూర్చున్నారు. ముందున్నవాళ్ల రోగాలన్నీ వెనకున్నవాళ్లకి తెలియాల్సిందే, గది అంత చిన్నది. ఆ సమయానికి మేవిస్ ముందు లోవెల్ ఉన్నాడు. సంఘపెద్దల్లో పెద్దవాడు.

"తొందరగా తేల్చు మేవిస్. ఈ కుర్చీలో ఇంకాసేపు కూర్చుంటే నడుం నొప్పికి ఇంకో మందు రాయించుకోవాలి."

"నీ సంచీలో సగం సీసాలు మీ అమ్మవి కదయ్యా. ఆవిడ పోయి ఎన్నేళ్లయింది?"

"మందు మంచిదే కదా, పారేయడమెందుకు?"

"ఇదిగో, ఇదేంటి? ప్రోస్టేట్‌దా?"

"కాస్త గట్టిగా చెప్పవే, ఏటి అవతలవాళ్లకి వినపడలేదు!"

గదంతా గొల్లున నవ్వింది. ఓలెటా కూడా నవ్వింది. నవ్వుతూనే సంచీని పొట్టకు హత్తుకుంది. మంచిపని చేశానులే అనుకుంది.

ఆమె వంతు వచ్చింది. మేవిస్ కళ్లజోడు ముక్కు మీదకు దించుకుని ఒక్కో సీసా పేరూ కొట్టుకుంటూ పోయింది. సిరప్ దగ్గర ఆగింది.

"ఇదెవరికే?"

"ఆయనకే. మలబద్ధకం."

"రోజుకెన్నిసార్లు?"

"మూడు."

"మూడుసార్లా?"

"మొండి కడుపే ఆయనది, ఏం చేయమంటావు!"

వెనక లోవెల్ కిసుక్కున నవ్వాడు. మేవిస్ నవ్వలేదు. సీసాను కాసేపు చేతిలో తిప్పింది.

"ఇంతేనా? ఇంట్లో ఇంకేం లేవుగా?"

"లేవు."

"పోస్టులో వచ్చేలాంటివి కూడా ఏం లేవా?"

"అంతేనే మేవిస్, చెప్పాగా."

మేవిస్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, సరే అని మీట నొక్కింది. డెన్‌జిల్‌కు నీలం కార్డు ప్లాన్ అన్నిటికన్నా చవగ్గా వచ్చింది, పాతదానిలో సగం కూడా లేదు. ఓలెటాకు ఇంకొకటి. మొగుడూపెళ్లాలైనా ఈ విషయంలో ఎవరి దారి వారిదే. ఓలెటా ఆ సాయంత్రం మిగులు డబ్బుల ధీమాతో పంది మాంసం ముక్కలు తెచ్చి వేయించింది. డెన్‌జిల్ వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.

జనవరిలో మాత్రల పెట్టె ఎప్పటిలాగే వచ్చింది. చూశావా, ఏం కాలేదు అని ఓలెటా ఊపిరి పీల్చుకుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదట ఒక్కసారి ఏ మందైనా ఇస్తారని, ఆ తర్వాత ప్లాన్‌లో ఉన్నవే ఇస్తారని పెట్టెలో ఒక కాగితం మీద ఉంది. అలాంటి కాగితాలు ప్రతి పెట్టెలోనూ దొంతరగా ఉంటాయి. ఎవరు చదువుతారు.

ఫిబ్రవరిలో పెట్టె రాలేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"ఈ మందు మీ ప్లాన్‌లో లేదండీ."

"లేకపోవడమేంటమ్మా? పోయిన నెల ఇచ్చారుగా."

"అది ఒక్కసారికేనండీ."

"అయితే ప్లాన్ మార్చు తల్లీ. ఉన్నదానికే మార్చు. ఎంతైనా కడతాను."

"ఇప్పుడు మారడానికి వీల్లేదండీ. మళ్లీ అక్టోబరులోనే. మీ డాక్టరు చేత ప్రత్యేకంగా అడిగించండి. ఇంకేమైనా సాయం కావాలాండీ?"

ఆ చివరి మాటకు ఓలెటాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ విసిరికొట్టాలనిపించింది గానీ, విసిరితే మళ్లీ కొనుక్కోవాలి.

డాక్టరు అడిగాడు. ముందు సిరప్ వాడి చూడండి అని కంపెనీ జవాబిచ్చింది. సిరప్ వాడుతూనే ఉన్నాడు మహాప్రభో, మూడేళ్లుగా వాడుతున్నాడు అని డాక్టరు మళ్లీ రాశాడు. పరిశీలిస్తున్నాం అన్నారు. వాళ్లు పరిశీలిస్తుండగా ఓలెటా ఇంట్లో మిగిలిన కాసిని మాత్రలు సర్దుతూ రెండు పూటల మాత్రను ఒక పూట చేసింది. తర్వాత రోజు మార్చి రోజు చేసింది. డెన్‌జిల్‌కు చెప్పలేదు. మందుల సంగతి ఎప్పుడూ ఆమే చూస్తుంది, ఆయన నోరు తెరిచి మింగడమే.

సొంత డబ్బుతో కొందామంటే ఒక్క నెల మందు ఖరీదు వాళ్ల నెల పెన్షన్లు రెండూ కలిపినా చాలనంత ఉంది. ఒకటే దారి ఉంది. చర్చిలో అడగాలి. పోయిన ఏడాది ఒకావిడ కాన్సర్‌కు చర్చివాళ్లు కేకులమ్మి, చందాలు వేసి ఎంత పోగుచేశారో ఓలెటా కళ్లారా చూసింది. ఆ కేకుల్లో ఆమె చేసినవీ ఉన్నాయి. అడిగితే కాదనరు. కానీ దేనికి అని అడుగుతారు. రెండుసార్లు పాస్టరు ఇంటి మెట్ల దాకా వెళ్లి, ఆయన భార్యతో వాతావరణం గురించి మాట్లాడి తిరిగొచ్చేసింది. ఇంకో వారంలో కంపెనీ ఒప్పుకుంటుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకుంది. పిరికితనానికి అదొక సాకు, ఆ మాట ఆమెకూ తెలుసు.

మార్చిలో ఒక ఆదివారం డెన్‌జిల్ పొద్దున్నే చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. ఓలెటా సరిచేసి, ఈ రోజు వద్దులే, ఇంట్లోనే ఉందాం అంది.

"పళ్లెం ఎవరు పడతారే? నా వంతు."

మొండిపట్టు పట్టాడు. తీసుకెళ్లింది. లారీ ఆమే నడిపింది.

కానుకల పాట మొదలైంది. డెన్‌జిల్ పళ్లెం తీసుకుని మొదటి వరుస దాటాడు. రెండో వరుస దగ్గర ఆగిపోయాడు. చేతిలో ఉన్నదేమిటో తెలియనట్టు పళ్లెంకేసి చూశాడు. చేతులు రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి. పళ్లెం వొరిగి నాణేలు చెక్క నేల మీద దొర్లాయి. కాళ్లు తడబడి బల్ల పట్టుకున్నాడు. "లిఫ్టు పైకి లాగండ్రా, షిఫ్టు అయిపోయింది" అని గనిలో ఉన్నాననుకుని ముద్దముద్దగా అన్నాడు. పాట ఒక్కో గొంతూ తగ్గుతూ ఆగిపోయింది.

"మళ్లీ మొదలెట్టాడు పాపం" అని ఎవరో వెనక నుంచి గుసగుసగా అన్నారు. ఆ గుసగుస గదంతా వినపడింది.

లోవెల్ లేచొచ్చి పళ్లెం ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. కటువుగా ఏమీ అనలేదు. అదే ఇంకా ఘోరం.

"ఇంటికెళ్లి పడుకో బ్రదర్. తర్వాత మాట్లాడుకుందాం."

ఓలెటా లేచి నిలబడింది. తాగలేదు, అది జబ్బు, నా తప్పు, ఈ మూడు మాటలే చెప్పాలి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. నోరు తెరిచింది. ఏళ్ల తరబడి ఫ్లూ జ్వరం అని చెప్పడానికి ఎప్పుడూ తడుముకోని నోరు, నిజం చెప్పాల్సి వచ్చేసరికి ఎండిపోయింది. వెళ్లి భర్త చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. తలలు ఒక్కొక్కటే కిందికి వంగాయి.

లారీలో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే డెన్‌జిల్ ఆమె మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడు.

"ఓలీ, నేను తాగానా?"

"లేదు."

"మరి అందరూ అలా చూస్తున్నారేంటి?"

ఆమె జవాబు చెప్పేలోగా మేవిస్ కోటు కూడా వేసుకోకుండా చర్చిలోంచి పరుగెత్తుకొచ్చింది. డెన్‌జిల్ చేతులు పట్టుకుని చూసింది, కళ్లు చూసింది.

"ఇది తాగుడు కాదే, కాలేయం. నా తమ్ముడు ఇలాగే పోయాడు. అంబులెన్సుకి ఫోన్ చేశా. ఆ మాత్ర ఆపేశాడా?"

"నీకెలా తెలుసు?"

"ఆ సిరప్ రోజుకి మూడుసార్లు మలబద్ధకానికి ఎవరు తాగుతారే! నా తమ్ముడికి పోసింది నేనే. దానితోపాటు ఆ మాత్ర కూడా ఉంటుంది. సంచీలో లేదు."

"తెలిసి కూడా ఆ రోజు..."

"రెండుసార్లు అడిగాను. నువ్వు లేదన్నావు. నీకు చెప్పడం ఇష్టం లేదనుకున్నా. వెనక వాళ్లంతా ఉన్నారు, పరువు తీసినట్టవుతుందని ఊరుకున్నా." మేవిస్ డెన్‌జిల్ చెయ్యి వదలకుండానే చెప్పింది. "రాత్రి ఫోన్ చేసి అడుగుదామనుకున్నా. అడగలేదు. మనూళ్లో అలా అడగరు కదే."

ఓలెటాకు ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది.

ఆస్పత్రిలో చేర్చిన గంటలోనే నర్సు ఒక చిన్న కాగితం గ్లాసులో ఆ మాత్ర తెచ్చిచ్చింది. అదే మాత్ర, అదే గులాబీ రంగు. ఆస్పత్రిలో మింగితే గవర్నమెంటు ఖర్చు, ఇంట్లో మింగితే కంపెనీ ఇష్టం. ఓలెటా ఆ కాగితం గ్లాసును చూస్తూ కూర్చుండిపోయింది. అప్పటికే మూత్రపిండాలు కూడా మొండికేశాయని, పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

పాస్టరు వచ్చాడు. మేవిస్ చర్చిలో అందరికీ చెప్పిందట, లోవెల్ కుర్చీలో కూలబడి ఏడ్చాడట. ఊరంతా కలిసి మందుకు చందాలు వేస్తున్నారట. నీలం కార్డు కంపెనీ నుంచి కూడా ఆ వారంలోనే జవాబొచ్చింది, మందు ఇస్తామని. ఇప్పుడు అన్నీ వచ్చాయి.

చివరికి ఒక పొద్దున డెన్‌జిల్‌కు తెలివొచ్చింది. కళ్లు పచ్చగా ఉన్నా చూపు తేటగా ఉంది. కిటికీ బయట కనిపించేది ఏ కొండ అని అడిగాడు. కాఫీ తాగుతావా అని ఆమెను అడిగాడు. తర్వాత చాలాసేపు ఏదో గుర్తు తెచ్చుకుంటూ పడుకున్నాడు.

"పళ్లెం పడేశాను కదూ?"

"ఏం కాలేదులే. ఏరారు."

"నిజం చెప్పు ఓలీ. ఆ రోజు తాగానా?"

"తాగలేదు డెన్‌జిల్." ఓలెటా మంచం మీదకు వంగి ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "మందు అయిపోయింది. నేనే కొత్త ప్లాన్ తప్పు తీసుకున్నా. మేవిస్‌కి ఆ సీసా చూపించలేదు, సిగ్గేసి. వాళ్లు మందు ఆపేశారు. నేను నీకు చెప్పకుండా సగం సగం ఇచ్చా. నువ్వు ఒక్క చుక్క ముట్టలేదు. ఇన్నేళ్లలో ఒక్క చుక్క ముట్టలేదు."

డెన్‌జిల్ ఆమెను చూసి నవ్వాడు. ఎంతో ప్రేమగా నవ్వాడు. కొత్తగా పెళ్లయినప్పుడు, సోమవారం పొద్దున ఆమె ఫోన్ పెట్టేసి తిరిగి చూసినప్పుడు దుప్పటిలోంచి అలాగే నవ్వేవాడు.

"ఫ్లూ జ్వరం అని చెప్పేదానివి మేస్త్రీకి" అన్నాడు. "ఒక్కసారి కూడా తడబడేదానివి కాదు."

"ఇది అలా కాదు. ఒట్టు. ప్రభువు మీద ఒట్టు."

"చాల్లే ఓలీ. నాకోసం ఇంకా ఎన్ని అబద్ధాలు చెప్తావు?" అని ఆమె చేతి మీద మెల్లగా తట్టి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ క్షమాపణ ప్రార్థన మొదలుపెట్టాడు. చేయని పాపానికి క్షమించమని అడుగుతున్నాడు.

ఓలెటా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తాగలేదు, నువ్వు తాగలేదు అని చెబుతూనే ఉంది. నర్సు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, చాలమ్మా, ఆయనకి ఇక వినపడదు అనేదాకా చెబుతూనే ఉంది.